రాయి సంగతి తేలకుండానే

శ్రీకాకుళం,
ఆదివారం సాయంత్రం

అమ్మడూ,



నువ్వు పంపిన ఆ పొడుగాటి మెసేజి రెండుసార్లు చదివాను. ఎవరికీ చూపించలేదు. ఫోన్లో జవాబు రాద్దామంటే నేనొక అక్షరం నొక్కితే ఇంకోటి పడుతోంది, అందుకే కాగితం తీశాను.

నువ్వు రాసినదాంట్లో సంగతులు రెండు. మీ డయాలిసిస్ వార్డులో కడిగిన ఫిల్టరే మళ్ళీ పెడుతూ, బిల్లులో మాత్రం ప్రతిసారీ కొత్తదాని ధర వేస్తున్నారన్నది మొదటిది. పద్ధతి ప్రకారం కడిగి, పరీక్షించి, ఏ రోగిది ఆ రోగికే వాడితే అందులో తప్పులేదని నువ్వే రాశావు. తప్పల్లా బిల్లులో ఉంది. ఆ బిల్లు కట్టేది ఉద్దానం నుంచి వారానికి మూడుసార్లు బస్సెక్కి వచ్చే మనిషి. జీడితోట అమ్మేశాడు, ఇప్పుడు కొబ్బరిచెట్లు బేరం పెట్టాడు. రెండో సంగతి నీ గురించి. రోజూ ప్రార్థన చేస్తున్నా నోరు పెగలడం లేదు, నాకు విశ్వాసం తక్కువేమో అన్నావు.

మొదటి సంగతి కంటే ఈ రెండోదే నన్ను పట్టుకుంది. ధైర్యం ముందు లోపలికి వస్తుంది, వచ్చాక మనం బయల్దేరతాం అనుకుంటున్నావు నువ్వు. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను.

మా మామ్మ గురించి నీకు ముక్కలు ముక్కలుగా చెప్పానుగానీ ఈ ముక్క చెప్పలేదు. ఆవిడ బొబ్బిలి మిషన్ బళ్ళో నాలుగక్షరాలు నేర్చుకుని బైబిలు స్త్రీ అయింది. ఊళ్ళలో బైబిలమ్మ అనేవారు. తెల్లచీర, తాటాకు గొడుగు, భుజాన గుడ్డసంచీ, సంచీలో సువార్త ప్రతులు నాలుగు. జమీందారీ ఇళ్ళలో ఆడవాళ్ళకి ఘోషా ఉండేది, పాస్టర్లు ఎంత గొప్పవాళ్ళయినా ఆ గడప దాటలేరు. దాటగలిగేది ఆడమనిషే. ఆ ఆడమనిషి మా కులానిదైతే అరుగు కూడా ఎక్కనిచ్చేవారు కాదు, వాకిట్లో నిలబడి చెప్పుకోవాలి. దాహమంటే నీళ్ళు పైనుంచి దోసిట్లో పోసేవారు.

ఒక ఇంటావిడ మూడు మంగళవారాలు వరసగా మామ్మ మొహాన తలుపు వేసేసిందట. మామ్మ ఎదురుగా ఉన్న చింతచెట్టు కింద కాసేపు కూర్చుని, లేచి తరవాతి ఇంటికి పోయేది. నాలుగో మంగళవారం తలుపు సగం తెరుచుకుంది. "ఏటే, మళ్ళీ వచ్చీసినావా? సరే, ఈ కాయితం ముక్క సదివి పెట్టు" అందట ఆవిడ. అది బర్మాలోని రంగం నుంచి మొగుడు రాయించిన ఉత్తరం. వచ్చి నెల దాటినా ఆ వీధిలో దాన్ని చదివే ఆడమనిషి లేదు. మగవాళ్ళ చేత చదివించుకోవడానికి ఆవిడకి సిగ్గు. మామ్మ వాకిట్లోనే నిలబడి చదివింది. సువార్త సంగతి ఆ రోజు ఎత్తనే లేదట.

నేను చెప్పదలుచుకున్నది ఆ తలుపు గురించి కాదు. మంగళవారం పొద్దున్న బయల్దేరేముందు మామ్మకి కడుపులో దేవినట్టుండేది. గంజి కూడా దిగేది కాదు. ముప్పై ఏళ్ళు తిరిగింది, చివరి మంగళవారం దాకా అలాగే దేవేదని తనే నవ్వుతూ చెప్పింది. భయం పోవాలని ఆగి ఉంటే ఆవిడ వీధి చివరిదాకా కూడా వెళ్ళేది కాదు.

మనకి ఆ బడీ ఆ బైబిలూ తెచ్చినవాళ్ళ కథా ఇలాంటిదే. శ్రీకాకుళంలో కెనడా బాప్టిస్టుల పని మొదలెట్టిన ఆర్మ్‌స్ట్రాంగ్ దొర భార్య, పెళ్ళికి ముందు పేరు మరియా నోరిస్. నోవా స్కోషియాలో కాన్సో అనే రేవు ఊరు ఆవిడది. 1870లో తనను మిషనరీగా పంపమని అడిగితే డబ్బు లేదన్నారు బోర్డు పెద్దలు. ఆవిడ ఏడుస్తూ ఇంట్లో కూర్చోలేదు. ఊరూరా తిరిగి ఆడవాళ్ళని కూడగట్టి, కొన్ని నెలల్లోనే ముప్పైకి పైగా స్త్రీల సమాజాలు పెట్టి, వాళ్ళ చిల్లర డబ్బులతోనే బర్మాకి ఓడెక్కింది. 1875లో ఆవిడున్న మిషనరీల బృందం తెలుగుదేశానికి మారింది. తరవాత కొన్నేళ్ళకి ఆవిడ మళ్ళీ బర్మా వెళ్ళి, రంగంలో మన తెలుగు కూలీల మధ్య, అరవవాళ్ళ మధ్య పనిచేసింది. బొబ్బిలిలో మటిల్డా చర్చిల్ దొరసాని ఉండేది. ఆవిడ ఇక్కడినుంచి రాసిన ఉత్తరాలు 1916లో కెనడాలో పుస్తకంగా వచ్చాయి. గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి పేరు నీకు తెలియంది కాదు. అన్నా కుగ్లర్ చదివింది డాక్టరీ, 1883లో ఆవిణ్ణి పంపింది మాత్రం బడి పనికి. ఆవిడ బడీ చూసుకుంది, గుమ్మంలోకొచ్చిన రోగులనీ చూసింది. 1898 నాటికి ఆసుపత్రి లేచింది.

దొరసానుల పేర్లు పుస్తకాల్లోకెక్కాయి. మా మామ్మలాంటివాళ్ళు రిపోర్టుల్లో చాలాసార్లు "ఒక బైబిలు స్త్రీ" దగ్గరే ఆగిపోయారు. అదలా ఉంచు.

అక్కడ చిల్లర డబ్బులైతే ఇక్కడ పిడికెడు బియ్యం. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయడం మీ అమ్మ ఇప్పటికీ మానలేదు, నువ్వు చూశావు. ఇంట్లో తిండికి కటకటలాడే రోజుల్లో కూడా ఆ కుండ ఆదివారం గుడికి వెళ్ళేది. ఆ బియ్యంతో ఎన్ని గుళ్ళకి పెంకులెక్కాయో! డబ్బు ఆడవాళ్ళది, కమిటీలో కుర్చీలు మగవాళ్ళవి. ఈ మాటంటే మీ తాతయ్యకి వెంటనే దగ్గు వచ్చేది.

ఇప్పుడు నా సంగతి. ఇది మీ అమ్మకీ తెలియదు.

1974. నేను కొత్తగా నర్సుగా చేరాను, ఊరూ పేరూ ఎందుకులే. రాత్రి డ్యూటీ. నొప్పులు పడుతున్న పిల్లని వాళ్ళమ్మ రిక్షాలో తీసుకొచ్చింది. అడ్వాన్సు కట్టకుండా లోపలికి తీసుకోవద్దని పైవాళ్ళు నాతో చెప్పి పడుకున్నారు. ప్రసూతి గది తాళాలు నా నడుముకే ఉన్నాయి. ఆ తల్లి చెవి కమ్మలు తీసి నా చేతిలో పెట్టబోయింది. నేనేం చేశానో తెలుసా? దుప్పట్ల గదిలోకి వెళ్ళి మోకాళ్ళూనాను. ప్రభువా, ఎవరి మనసైనా కదిలించు అని ఏడ్చాను. ఆయన కదిలించాల్సిన మనసు, తాళాలున్న మనసు, ఆ గదిలోనే మోకాళ్ళమీద ఉంది. లేచి వచ్చేసరికి రిక్షా లేదు. ఆ పిల్ల ఏమైందో ఇప్పటికీ తెలియదు.

ఐగుప్తు రాజు మాట వినని మంత్రసానుల కథ సండే స్కూల్లో అప్పటికే ఎన్నిసార్లు చెప్పి ఉన్నానో! షిఫ్రా, పూయా అని పేర్లు కూడా పిల్లల చేత ఒప్పజెప్పించేదాన్ని.

మన సంఘాల్లో ఆడపిల్లలకి సహనం నేర్పినంతగా ధైర్యం నేర్పలేదు అమ్మడూ. మొగుడు కొడితే సహనం, అత్త తిడితే సహనం, పై అధికారి అబద్ధం రాయమంటే అదీ సహనమే. మనకి జరిగినదాన్ని ఓర్చుకుంటే సహనమంటారేమో, అదైనా అన్నివేళలా కాదు. ఎదుటివాడికి జరుగుతున్నదాన్ని మనం ఓర్చుకుంటే దాన్ని సహనమనకూడదు. స్త్రీల కూడికల్లో ఎస్తేరు అందం గురించే గంటసేపు చెబుతారు. ఆవిడ మొదటి జవాబు భయమేనని, రాజు పిలవకుండా వెళ్తే చంపేస్తారని కబురు పంపిందని ఎవరూ చెప్పరు. వెళ్ళేముందు ఒంటరిగా ఉపవాసం ఉండలేదు, ఊళ్ళో ఉన్న యూదులందర్నీ తనతోపాటు ఉండమంది.

ఈ మధ్య నేను మార్కు సువార్త చివరి అధ్యాయం దగ్గరే తిరుగుతున్నాను. మగ్దలేనే మరియ, యాకోబు తల్లి మరియ, సలోమే, ఈ ముగ్గురూ తెల్లారుతూనే సుగంధద్రవ్యాలు పట్టుకుని సమాధికి నడుస్తున్నారు. రాయి ఎవరు దొర్లిస్తారని దారిలో అనుకుంటున్నారు. చూడు, ఆ సంగతి తేలకుండానే బయల్దేరారు. నేనైతే రాయి సంగతి తేలాకే చెప్పులు వేసుకునేదాన్ని. ఇంకా ముందుకెళ్తే, దూత మాట విని వణికిపోయి పారిపోయారని, భయపడి ఎవరితోనూ ఏమీ అనలేదని ఉంది. ఈ మాట మీద ప్రసంగం నేనెప్పుడూ వినలేదు, నువ్వు విన్నావా? కబురు నీదాకా నాదాకా వచ్చిందంటే, వాళ్ళు తరవాత నోరు విప్పారన్నమాట. ఒక పూట మాట రాకపోవడం అవిశ్వాసమైతే ఆ ముగ్గుర్నీ ముందు తీసేయాలి.

కాబట్టి నీ విశ్వాసాన్ని కొలుచుకోవడం ఆపు. ఒక చిన్న నోటుబుక్కు కొనుక్కో. ఏ రోజు, ఏ మంచం, ఆ రోజు పెట్టింది కొత్తదా కడిగినదా, అంతే రాసుకో. నువ్వు పెట్టనిదాన్ని పెట్టినట్టు రాసిన కాగితం మీద సంతకం చేయకు. ఒంటరిగా వెళ్ళకు, నీ పక్క షిఫ్టు అమ్మాయికీ ఇదే బాధ ఉందన్నావుగా, ఆ పిల్లని తోడు తీసుకో. వెళ్ళి దొంగలనీ దోపిడీ అనీ మొదలెట్టకు. "సిస్టర్, నేను కడిగినదే పెట్టాను, బిల్లులో కొత్తదని ఉంది, రిజిస్టర్లో ఏం రాయమంటారు?" అని అడుగు. ఈ ఒక్క ప్రశ్నకి వాళ్ళు జవాబు చెప్పాలి. చెప్పకపోతే తరవాత ఎవరి దగ్గరికి వెళ్ళాలో మనం కూర్చుని ఆలోచిద్దాం. అప్పటిదాకా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకు, గుడిలో సాక్ష్యం కూడా చెప్పకు. పని కాకముందే సాక్ష్యం చెప్పేవాళ్ళని నేను చాలామందిని చూశాను.

ఉద్యోగం పోవచ్చు. పోదని నేను చెప్పను. చదువు అప్పు ఇంకా ఉందని నాకు తెలుసు. ప్రభువు చూసుకుంటాడులే అని చేతులు దులుపుకోను, నా పింఛను ఉంది, నేను చూస్తాను. నన్ను ఆయన చూస్తాడు.

శనివారం సెలవు దొరికితే పలాస పాసింజరెక్కి ఆమదాలవలసలో దిగు, మావయ్య బండి తెస్తాడు. నోటుబుక్కు మరిచిపోకు. మామ్మ గుడ్డసంచీ పెట్టెలోంచి తీసి ఎండలో వేశాను, నీకిద్దామని. బట్ట గట్టిగానే ఉంది, ఒక పక్క పట్టీ ఊడింది. ఇంట్లో తెల్లదారం లేదు, వస్తూ ఒక ఉండ తీసుకురా.

మీ అమ్మమ్మ