కనబడని నొప్పి, నమ్మవలసిన మాట



చెయ్యి విరిగితే కట్టు కనబడుతుంది. జ్వరము వస్తే నుదుటిమీద చెయ్యి పెట్టి చూడవచ్చు. కానీ మెడలో మొదలై, భుజము మీదుగా దిగి, వ్రేళ్ల కొసల దాకా మండే నరాల నొప్పికి పైకి కనబడే గుర్తు తరచుగా ఏదీ ఉండదు. మనిషి మన ఎదుట మామూలుగానే కూర్చుని ఉంటాడు. రాత్రి ఎన్ని గంటలకు నిద్ర పట్టిందో అతనికి మాత్రమే తెలుసు.

ఇటువంటి నొప్పి నెలలు, ఏండ్లు విడువకుండా ఉన్నప్పుడు దానితోబాటు రెండు ప్రశ్నలు కూడా ఇంట్లోకి వస్తాయి. కనబడని బాధను గురించి ఒకరు చెప్పిన మాటను ప్రక్కవారు ఎంతవరకు నమ్మవలెను? బాధపడేవారు దానిని ఎంతవరకు చెప్పుకోవలెను? ఇవి వైద్యుని ప్రశ్నలు కావు, మన ప్రశ్నలే. వీటిని గురించి మాకు తోచినది ఇక్కడ వ్రాస్తున్నాము.

మన చుట్టూ చూస్తే ఈ నొప్పికి కారణాలు తక్కువ లేవు. చింతామణి వైపు పట్టుగూళ్ల రీలింగు చేసేవారు రోజంతా మెడ వంచి, చేతులు చాచి దారము తీయవలెను. చిక్కబళ్లాపురము ద్రాక్షతోటల్లో పందిరి క్రింద చేతులు పైకెత్తి కొమ్మలు కత్తిరించవలెను. టమాటా బాక్సులు ఎత్తేవారు, మల్బరీ ఆకు మోసేవారు, బోరు ఎండిపోతే బిందెలు మోసే ఆడవారు అందరూ భుజాలమీదనే బ్రదుకుతున్నారు. మావంటి ఉపాధ్యాయులు ముప్పది ఏండ్లు నల్లబల్లమీద చెయ్యెత్తి వ్రాసినవారము. మాకును కొన్నేండ్లుగా కుడివైపు మెడనుండి బొటనవ్రేలి దాకా ఈ మంట ఉన్నది. ఆరాధనలో కీర్తనల పుస్తకము ఎడమ చేత పట్టుకొంటున్నాము.

మెడలో ఏడు వెన్నుపూసలు ఉన్నాయి. ఆ భాగమునుండి ఇరువైపులా ఎనిమిదేసి నరాలు బయలుదేరుతాయి. వాటిలో క్రింది నాలుగు, వీపు పైభాగములోని మొదటి నరము కలిసి అల్లుకొని చేతిలోనికి దిగుతాయి. వయసుతో పూసల మధ్య మెత్తటి చక్రము అరిగినా, ప్రక్కకు జరిగినా, ఎముక అంచు పెరిగినా ఆ నరము మొదట్లోనే నొక్కుకుపోతుంది. నొక్కు మెడలో ఉంటుంది, మంట వ్రేలిలో తెలుస్తుంది. షుగరు వ్యాధి, సర్పి లేచి తగ్గిన తరువాత మిగిలే మంట కూడా నరాల నొప్పికి కారణాలే. అదే షుగరువల్ల భుజము కీలు పట్టేసే జబ్బు కూడా వస్తుంది. అది వేరు, దాని వైద్యము వేరు.

మన ప్రాంతములో నీటి సంగతి కూడా చెప్పవలెను. బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురము తాలూకాలలో చాలాచోట్ల బోరు నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. త్రాగే నీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినది. దానిని బాగా మించిన నీరు ఏండ్ల తరబడి త్రాగితే ఎముకలు దళసరెక్కుతాయి, కీళ్లు బిగుస్తాయి, వెన్నులోని త్రోవ ఇరుకై నరాలమీద ఒత్తిడి పడుతుంది. మన దేశములో ఈ జబ్బు మొదట వైద్యుల దృష్టికి వచ్చినది నాటి నెల్లూరు జిల్లాలోనే. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాల పేర్లు మనలో కొందరికి తాతల ఊళ్ల పేర్లు. దున్నే ఎద్దులు కాళ్లు బిగుసుకొని నడవలేకపోతున్నాయని అక్కడి రైతులు ముందుగా గమనించినారని చెబుతారు. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన తోటివారు మనుషులలో ఈ జబ్బును పరీక్షించి వైద్య పత్రికలో ప్రకటించినారు. అంతకుముందు ఆ నొప్పులకు పేరు లేదు. పేరు లేనంత మాత్రాన వాటిని పడినవారికి నొప్పి లేదని అనగలమా?

ఇక నమ్మకము సంగతికి వస్తాము. నొప్పి ఉన్నవానికి దానిమీద సందేహము ఉండదు. వినేవానికి మాత్రము సందేహానికి ఎప్పుడూ చోటు ఉంటుంది. "చూడటానికి బాగానే ఉన్నావే", "నిన్న పెండ్లిలో నవ్వుతూ ఉన్నావు కదా", "స్కానింగులో ఏమీ లేదన్నారంట కదా" అని మనము అనే మాటలన్నీ ఆ సందేహమునుండి పుట్టినవే. కానీ స్కానింగు నొప్పిని కొలిచే త్రాసు కాదు. ఏ నొప్పీ లేని నడివయసువారి మెడను తీసి చూసినా చక్రాలు అరిగినట్లు తరచుగా కనబడుతుంది. బొమ్మ శుభ్రముగా ఉన్నా నొప్పి నిజముగా ఉండవచ్చు. నొప్పిని గురించి పరిశోధించే అంతర్జాతీయ సంఘము 2020లో తన నిర్వచనాన్ని సవరించినప్పుడు, నొప్పి ఉన్నదని మనిషి చెప్పిన మాటను గౌరవించవలెనని దానితోబాటు స్పష్టముగా వ్రాసినది. అనగా ఆ మనిషి నోటి మాటను వైద్యశాస్త్రమే సాక్ష్యముగా ఒప్పుకొన్నది.

అయితే కొందరు నటించరా అని అడుగుతారు. నటించేవారు ఉండవచ్చును. రెండు పొరపాట్లను ప్రక్కప్రక్కన పెట్టి చూడండి. నటించేవానిని నమ్మితే ఒక దినము పని పోతుంది, కొంత డబ్బు పోతుంది. నిజముగా బాధపడేవానిని నమ్మకపోతే అతనికి నొప్పి మిగులుతుంది, దానిమీద అబద్ధికుడనే నింద కూడా పడుతుంది. ఇక అతడు చెప్పడం మానేస్తాడు. చెయ్యి పట్టు తప్పుతున్నదని చెప్పవలసిన దినమున కూడా చెప్పడు. మొదటి పొరపాటును దిద్దుకోవచ్చు. రెండవది ఒక్కొక్కసారి దిద్దుకోలేము. నమ్మడమంటే విచారించకపోవడం కాదు. నమ్మినవాడే వైద్యుని దగ్గరకు వెంటబెట్టుకొని పోతాడు.

విశ్వాసులమైన మనలో ఇంకొక సందేహము కూడా ఉన్నది. నొప్పి దేవుడిచ్చిన వరమని, దానిని సణగకుండా భరించవలెనని కొందరు బోధిస్తారు. ఈ మాటలో సగము నిజము ఉన్నది. డాక్టర్ పాల్ బ్రాండ్ 1914లో తమిళనాడు కొల్లిమలలలో మిషనరీ తల్లిదండ్రులకు పుట్టినవాడు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చి కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసినాడు. ఆ రోగుల వ్రేళ్లు పాడవడానికి ముఖ్య కారణము నొప్పి తెలియకపోవడమేనని ఆయన గ్రహించినాడు. వేడి గిన్నె పట్టుకొన్నా తెలియదు, ముల్లు గుచ్చుకొన్నా తెలియదు, అందుచేత గాయము మీద గాయము. నొప్పి మనలను కాపాడే కాపలావాడని ఆయన జీవితాంతము చెప్పినాడు.

కానీ కాపలావాడు దొంగ వచ్చినప్పుడు కేక వేయవలెను. దొంగ పోయిన తరువాత కూడా రాత్రంతా కేకలు వేస్తూనే ఉంటే ఇంట్లో ఎవరూ నిద్రపోలేరు. విడువని నరాల నొప్పి చాలాసార్లు ఇటువంటిదే. దెబ్బ తిన్న నరము ఏ ప్రమాదమూ లేకపోయినా మంట మంట అని వార్త పంపుతూ ఉంటుంది. అటువంటి నొప్పి ఉన్నవారితో ఇది వరమని చెప్పడం తగదు. కేక తగ్గించే మందు తీసుకోవడం అవిశ్వాసమూ కాదు. పౌలు తన శరీరములోని ముల్లు తొలగించుమని మూడుసార్లు వేడుకొన్నాడు. అది తొలగలేదు. అయినను అడిగినందుకు ఆయనను ఎవరూ తప్పు పట్టలేదు. ఆయన వెంట ప్రయాణము చేసిన లూకా వైద్యుడు.

యోబు స్నేహితులను కూడా జ్ఞాపకము చేసుకొందాము. వారు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఏమీ మాట్లాడక అతని ప్రక్కన నేలమీద కూర్చున్నారు. అంతవరకు వారు మంచి స్నేహితులే. ఈ బాధకు కారణము నీ పాపమేనని వివరించడం మొదలుపెట్టినప్పుడు త్రోవ తప్పినారు. చివరకు దేవుడు తప్పు పట్టినది ఫిర్యాదు చేసిన యోబును కాదని, వివరణలు చెప్పిన ఆ స్నేహితులనని మనకు తెలుసు. రోగి ఇంటికి వెళ్లినప్పుడు కారణాలు వెదకకుండా కాసేపు కూర్చుండగలిగితే చాలు.

నమ్మడం ప్రక్కవారి ధర్మమైతే, బాధపడేవారికి కూడా ఒక ధర్మము ఉన్నది. ఉన్నదానిని ఉన్నట్లు చెప్పవలెను. ఎక్కువ చేయకూడదు, దాచిపెట్టకూడదు. మన పెద్దవారిలో చాలామంది దాచడమే ఓర్పు అనుకొంటారు. ఓర్పు వేరు, మౌనము వేరు. చెప్పకుండా పండ్లు బిగించి, ఆ చిరాకును భార్యమీదనో కోడలిమీదనో చూపించేవారిని ఓర్పు గలవారని ఎట్లా అనగలము? "అమ్మా, ఈ దినము బిందె ఎత్తలేను, కూర్చుని కూర తరగగలను" అని చెప్పే అత్తగారు ఇంటికి మేలు చేసినట్లే. చేయలేనిది, చేయగలిగినది రెండూ చెబితే ఇంట్లోవారు ఊహించుకోవలసిన పని తప్పుతుంది.

చెప్పడానికి మన తెలుగులో మాటలకు కొదువ లేదు. సలుపు, పోటు, తీపు, పీకు, గుంజు, మంట, తిమ్మిరి, జివ్వుమనడం, సూదులు గ్రుచ్చినట్లు, చీమలు ప్రాకినట్లు, మొద్దుబారడం, వీటిలో ఒక్కొక్కటి ఒక్కొక్క సంగతి చెబుతుంది. కండరము అలసితే సలుపు, బరువు అంటాము. నరము బాధపడితే మంట, జివ్వు, తిమ్మిరి అంటాము. 1975లో కెనడాలో మెల్జాక్ అనే శాస్త్రజ్ఞుడు రోగులు నొప్పిని వర్ణించే మాటలనే వర్గాలుగా పేర్చి, వైద్యులు వాడుకొనే ప్రశ్నావళిని తయారుచేసినాడు. మనమైతే ఆసుపత్రిలో కన్నడములో 'నోవు' అనే ఒక్క మాటతో సరిపెట్టి వచ్చేస్తున్నాము. ఎక్కడ మొదలై ఏ వ్రేలి దాకా పోతుంది, ఎప్పుడు ఎక్కువ, ఎట్లా పడుకొంటే తక్కువ అని ఒక కాగితముమీద వ్రాసుకొని పోండి. కన్నడము బాగా వచ్చిన మనుమడినో మనుమరాలినో వెంట తీసుకొని పోండి. మీరు చెప్పినది చెప్పినట్లు చెప్పుమని ముందే వారికి చెప్పండి.

మందుల విషయములో ఒక్క మాట. మామూలు నొప్పి మాత్రలు నరాల నొప్పికి అంతగా పనిచేయవు. వాటిని నెలల తరబడి మ్రింగితే కడుపు, మూత్రపిండాలు చెడతాయి. అందుకే వైద్యులు గబాపెంటిన్, ప్రిగాబలిన్, ఎమిట్రిప్టిలిన్ వంటివి వ్రాస్తారు. మొదటి రెండు మూర్ఛకు కూడా వాడే మందులు, మూడవది మనోవ్యాధికి కూడా వాడే మందు. అంగడిలో ఎవరో "ఇది ఫిట్సు మందు కదా" అంటే భయపడి మానేసినవారు ఉన్నారు. భయపడవలసిన పని లేదు, నరము పంపే వార్తను తగ్గించడానికే అవి. అయితే మగత, తల తిరగడం ఉంటాయి కాబట్టి పెద్దవారు రాత్రి లేచేటప్పుడు జాగ్రత్తగా ఉండవలెను. వైద్యుని అడగకుండా ఒక్కసారిగా ఆపకూడదు. మెడలో నరము నొక్కుకుపోవడంవల్ల వచ్చిన నొప్పి చాలామందికి ఆపరేషను లేకుండానే కొన్ని వారాలలో, నెలలలో తగ్గుతుంది. తగ్గనివారు కూడా ఉన్నారు. వారిని గురించే ఇదంతా వ్రాస్తున్నాము.

ఆలస్యము చేయకూడని గుర్తులు కొన్ని ఉన్నాయి. చేతిలో బలము తగ్గి గ్లాసు జారిపోవడం, గుండీలు పెట్టుకోలేకపోవడం, కాళ్లు బిగుసుకొని నడక తడబడటం, మూత్రము అదుపు తప్పడం కనబడితే వెంటనే పెద్ద ఆసుపత్రికి పోవలెను. ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసముతో చెయ్యి లాగితే అది గుండె కావచ్చును. మరుసటి దినము దాకా ఆగకూడదు.

సంఘముగా మనము చేయగలిగినది పెద్ద ఖర్చు పని కాదు. కుర్చీలు మోసే పని, వంటపాత్రలు ఎత్తే పని ఎవరికి చెప్పకూడదో పెద్దలు తెలుసుకొని ఉండవలెను. వారికి చేయగలిగిన పని ఇంకొకటి ఇవ్వవలెను. పని ఏమీ ఇవ్వకుండా ప్రక్కన కూర్చోబెట్టడం కూడా ఒక బాధే. నీటి పరీక్ష చేయించని బోరు ఉంటే పంచాయతీని అడగవలెను. ఆరాధన అయిన తరువాత "అక్కా, చెయ్యి ఎట్లుంది?" అని అడిగినవారు జవాబు పూర్తిగా వినేదాకా నిలబడవలెను. ఎదుటివారు "బాగుంది" అంటే ఒక్కసారి ఆగి, "రాత్రి నిద్ర పట్టిందా?" అని మళ్లీ అడగండి. పోయిన ఆదివారము చెప్పిన జవాబునే ఈ ఆదివారము చెప్పినా విసుగుకొనకండి. నొప్పి మారలేదు గనుక జవాబు కూడా మారలేదు.