చేపల ఆట, ఇద్దరన్నదమ్ములు

అనగనగా అరకులోయలో ఇద్దరన్నదమ్ములు. ఊరి బడిలో డెబియన్ లినక్స్ ఎక్కించిన కంప్యూటర్లుండేవి. పిల్లలు ఎగబడి ఆడేది టక్స్ టైపింగ్. పైనుంచి చేపలు రాలుతుంటాయి, చేప మీదున్న అక్షరం కొడితే పెంగ్విన్ దాన్ని మింగేస్తుంది. ఆ బడిలో కనిపించే అక్షరాలన్నీ ఇంగ్లిషువే. "మన మాటలుంటే ఎంత బాగుణ్ణు!" అంది ఒక పిల్ల.

అన్నకి చెయ్యి చురుకు. సోర్సు దించుకుని, చేపల మీద సామ, చోడి, పిప్పలి అనే మాటలొచ్చేలా కోడు మార్చాడు. 'సుడో మేక్ ఇన్‌స్టాల్' కొట్టి పాత ఫైళ్ల మీదే కొత్తవి పరిచేశాడు. ఒక్క పూటలో పనైపోయింది. డుంబ్రిగుడ, హుకుంపేట, అనంతగిరి బడుల నుంచి కబుర్లొచ్చాయి. లాప్‌టాప్ చంకన పెట్టుకుని బడిబడికీ తిరిగి, ప్రతి మెషిన్ ముందూ కూర్చుని ఎక్కించేవాడు. వానలకి దారి తెగితే ఆ బడికి ఆట లేనట్టే.

తమ్ముడు అదే మార్పుని ప్యాకేజీ చేద్దామని కూర్చున్నాడు. 'ఆప్ట్ సోర్స్' కమాండ్‌తో డెబియన్ మూలం తెచ్చి, దాని జోలికి పోకుండా తన మార్పుని విడి ప్యాచ్‌గా పెట్టాడు. ఏం మార్చాడో, ఎందుకు మార్చాడో చేంజ్‌లాగ్‌లో పేరూ తేదీతో రాశాడు. వెర్షన్ చివర '+అరకు1' తగిలించాడు.

"ఏట్రా, ఆట మార్చినావా, దస్తావేజు రాసినావా?" అని అన్న నవ్వాడు.

ఆ నవ్వుకి తగ్గట్టే, ఖాళీ క్రూట్‌లో, అంటే అదనపు లైబ్రరీలేవీ లేని విడి వాతావరణంలో, తొలి బిల్డ్ మధ్యలో ఆగిపోయింది. తన మెషిన్‌లో ఎప్పుడో వేసుకున్న లైబ్రరీ ఒకటి బిల్డ్-డిపెండ్స్ వరసలో రాయడం మరిచాడు. రాశాడు. ఇంకోటి బయటపడింది. అదీ రాశాక డెబ్ ఫైలు చేతికొచ్చింది. పెన్‌డ్రైవ్‌లో వేసి హుకుంపేట జీపు డ్రైవరుకిచ్చి పంపాడు. అక్కడి అటెండరు ఒకే ఒక్క కమాండ్‌తో ఎక్కించేశాడు. వద్దనుకుంటే తీసెయ్యడానికీ ఒక్క కమాండే.

వేసవిలో మెషిన్లన్నీ అప్‌గ్రేడ్ చేశారు. అన్న మాటలు పోయాయి. తమ్ముడివీ పోయాయి! తమ్ముడి వెర్షన్ '-2+అరకు1' కన్నా డెబియన్ కొత్తగా ఇచ్చిన '-3' పెద్దదని, ప్యాకేజీలెక్కించే ఆప్ట్ లెక్క. అన్న ఏ ఫైల్లో ఏం మార్చానా అని తల పట్టుకున్నాడు. తమ్ముడు కొత్త సోర్సు మీద పాత ప్యాచ్ వేసి, కుదరని రెండు చోట్ల సర్ది, '-3+అరకు1' చేసి సాయంత్రానికల్లా పంపాడు.

"ప్యాకేజీ మారకుండా హోల్డ్‌లో పెట్టుంటే పోయేది కాదు కదరా" అన్నాడు అన్న.

"పెడితే భద్రతా సవరణలూ ఆగిపోతాయన్నా. ఈ ప్యాచ్ డెబియన్ వాళ్లకే పంపుతాను. వాళ్లు కలుపుకుంటే ఎవరికీ ఈ తిప్పలుండవు."

నీతి: నువ్వు పక్కన లేకపోయినా ఎక్కేదీ, దిగేదీ, ఇంకొకరు మళ్లీ కట్టగలిగేదీ అయితేనే నీ మార్పు నలుగురిదీ అవుతుంది.

అన్నది చెడ్డ పని అనలేం. ఒక్క మెషిన్ మీద ప్రయోగానికి అతని దారే దగ్గర దారి. పది బడులకి పంచేటప్పుడు మాత్రం ఈ ఆటకున్న జీపీఎల్ లైసెన్సు ఒక మాట అడుగుతుంది: ప్రోగ్రామ్ ఇచ్చినవాడు దాని సోర్సు కూడా అందేలా చూడాలి. అన్న సోర్సు అతని లాప్‌టాప్‌లోనే ఉండిపోయింది. తమ్ముడి దగ్గర మూలం, ప్యాచ్, చిట్టా కలిసే ఉన్నాయి, అడిగినవాళ్లకి కాపీ చేసి ఇస్తే సరి.

1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్ వేలమంది చేతులు మారినా నిలబడిందంటే ఈ విసుగు పుట్టించే కట్టుబాట్ల వల్లే. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ దాన్ని ఆధారం చేసుకునే తెలుగు ఆపరేటింగ్ సిస్టం తేగలిగింది. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు డెబియన్‌లో ఒక్క కమాండ్‌తో దిగుతున్నాయంటే, ఎవరో ఓపిగ్గా వాటి ప్యాకేజీ వివరాలుండే కంట్రోల్ ఫైలు రాసిపెట్టారన్నమాట.

మీరూ ఏదైనా ప్రోగ్రామ్ మార్చి పంచబోతుంటే, ముందు 'ఆప్ట్ చేంజ్‌లాగ్' అని కొట్టి పక్కన ఏ ప్యాకేజీ పేరైనా ఇచ్చి చూడండి. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో తేదీలతో సహా కనిపిస్తుంది. మీ చిట్టా కూడా అలాగే రాయండి.