పది అడుగుల అవతలే కూర్చోండి నాన్నా

హవాయి వెళ్తున్నారట కదా, సంతోషం. కొత్తగా పెళ్ళయినవాళ్ళు, అమెరికాలో ఉద్యోగాలు, ఇప్పుడు తిరక్కపోతే ఇంకెప్పుడు తిరుగుతారు? తప్పకుండా వెళ్ళండి. అయితే మీరు వేసుకున్న పట్టిక చూశాక ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ఐదు రోజుల్లో మూడు దీవులు, ఒక్కో తీరంలో ముప్పావుగంట, ఆ ముప్పావుగంటలోనే తాబేలు పక్కన కూర్చుని ఫొటో! అంత హడావుడి ఎందుకమ్మా? మీరు మంచివాళ్ళే, ఏ జీవికీ కీడు తలపెట్టరు. మీ తొందరతోనే నాకు పేచీ.

తాబేళ్ళు కనబడే చోట్లకి అక్కడ కొదవ లేదు. ఓహూ దీవి ఉత్తరపు ఒడ్డున లానియాకేయా ఉంది. మావీలో హోకీపా ఉంది. సాయంత్రం అయ్యేసరికి అక్కడ పదులకొద్దీ ఒడ్డెక్కి ఒకదాని పక్కన ఒకటి పడుకుంటాయి. కవాయిలో పోయిపూ. ఇక బిగ్ ఐలండ్ అని అందరూ పిలిచే పెద్ద దీవికి దక్షిణాన పునలూవు, నల్ల ఇసుక తీరం. నన్నడిగితే మిగతావన్నీ వదిలేసి ఈ ఒక్క చోటికే వెళ్ళమంటాను. వెళ్ళి తీరిగ్గా ఓ పూట కూర్చోమంటాను.

ఆ ఇసుక అగ్నిపర్వతం పెట్టిన సొమ్ము. కాగుతున్న లావా వచ్చి సముద్రంలో పడగానే చిట్లి తునకలైంది, ఆ తునకలే అలల్లో నలిగి నలిగి ఇసుకయ్యాయి. గుప్పెడు మూటకట్టుకు తెచ్చుకుందామనుకునేరు, చట్టం ఒప్పుకోదు. నల్లనిది కదా, ఎండకి తొందరగా వేడెక్కుతుంది. నీళ్ళలో నాచు మేసి మేసి వచ్చిన పచ్చ తాబేలు దాని మీద పడుకుని ఒళ్ళు కాచుకుంటుంది. టైగర్ షార్కులు తిరిగే నీళ్ళకన్నా అదే క్షేమమైన చోటు కూడా. మామూలుగా సముద్రపు తాబేళ్ళలో ఆడవి గుడ్లు పెట్టడానికి తప్ప ఒడ్డు తొక్కవు. ఇలా ఆడా మగా తేడా లేకుండా ఎండ కాగడానికి వచ్చేది లోకంలో చాలా కొద్ది చోట్ల. హవాయి ఒకటి, గాలాపగోస్ ఒకటి, రెండూ అగ్నిపర్వతాలు పుట్టించిన దీవులే.

అది కదలకుండా పడుకుంటే, అయ్యో, దారి తప్పిందేమో, చచ్చిపోతుందేమో అని కంగారుపడి నీళ్ళలోకి నెట్టే దయగలవాళ్ళు ఉంటారు. మీరూ ఆ బాపతే, అందుకే ఇంతగా చెబుతున్నా. భోంచేసి పడక కుర్చీలో కునుకు తీస్తున్న తాతగారిని పట్టుకుని లేపి, వీధిలో నిలబెట్టి, ఆయనతో ఫొటోలు దిగుతామా? అది కూడా నిద్రే నాన్నా. ఆ నిద్ర చెడగొడితే అది మళ్ళీ నీళ్ళలోకి దిగాల్సిందే, మళ్ళీ ఎక్కడో ఒడ్డు వెతుక్కోవాల్సిందే.

అందుకే అక్కడి అధికారులు పది అడుగుల దూరం అన్నారు. తాకకూడదు, తిండి పెట్టకూడదు, తరమకూడదు. లానియాకేయాలో స్వచ్ఛంద కార్యకర్తలు ఒడ్డెక్కిన తాబేలు చుట్టూ ఎర్ర తాడు పరుస్తారు. ఆ తాడు దాటకండి. తాడు లేని చోట కూడా ఉన్నట్టే అనుకోండి. ముఖ్యంగా దానికీ సముద్రానికీ మధ్య నిలబడకండి. నలుగురు నిలబడ్డారంటే ఇంటికి వెళ్ళే దారి మూసుకుపోయినట్టే. మీలాగే కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి 2021లో ఆ దీవుల్లోనే ఒడ్డున పడుకున్న మాంక్ సీల్ అనే జంతువుని ముట్టుకుని, ఆ వీడియో పెట్టి, 500 డాలర్ల జరిమానా కట్టింది. డబ్బు పోతే పోయింది, పదిమందిలో పరువు మాటేమిటి?

పది అడుగుల నుంచి ఏం కనబడుతుందని అంటారేమో. ఓపిక ఉంటే అన్నీ కనబడతాయి. కంటి మూల నుంచి జిగురుగా కారే నీరు కనబడుతుంది. ఏడుస్తోందని జాలిపడకండి, ఒంట్లో ఎక్కువైన ఉప్పుని అలా బయటికి పంపుకుంటుంది. ఉన్నట్టుండి తల ఎత్తి ఒక్క ఊపిరి బుస్సున వదిలి మళ్ళీ గడ్డం ఇసుకలో ఆనిస్తుంది. వెనక్కి వెళ్ళేటప్పుడు ముందు రెక్కలు రెండూ ఒకేసారి వేసి నూరు కిలోలు దాటిన ఒంటిని ఈడ్చుకుంటుంది, నాలుగు ఈడ్పులకి ఆగుతుంది, మళ్ళీ ఈడుస్తుంది. ఇదంతా చూడాలంటే ముప్పావుగంట చాలదు.

నీళ్ళలోకి దిగినా ఇదే మాట. పెద్ద దీవిలో కోనా వైపు నీళ్ళలో కొన్ని రాళ్ళ దగ్గర తాబేలు రెక్కలు చాపి ఆగుతుంది, పసుపుపచ్చ చేపలు వచ్చి దాని చిప్ప మీది నాచు కొరుక్కు తింటాయి. మీరు వెంటబడితే చేపలూ పోతాయి, తాబేలూ పోతుంది. దానికి ఊపిరి కావాలంటే పైకి రావాలి కదా, ఆ పైన మీరు గుంపుగా తేలుతుంటే ఎక్కడికి వస్తుంది? అన్నట్టు, ఒంటికి రాసుకునే సన్‌స్క్రీన్ సంగతి. పగడాలకి చేటు చేసే ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్నవి 2021 నుంచి హవాయిలో అమ్మకూడదు. మీరు ఊరి నుంచి డబ్బా మోసుకెళ్తే ఎవరూ సంచి విప్పి చూడకపోవచ్చు. చూడరని తీసుకెళ్తామా? పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, సరిపోతుంది.

ఇంత జాగ్రత్త దేనికంటే, అవి ఒకప్పుడు పోయినంత పని అయింది. పర్యాటకులకి హోటళ్ళలో తాబేలు మాంసం వడ్డించిన రోజులవి. 1973లో ఈస్ట్ ఐలండ్ అనే చిన్న దీవిలో గుడ్లు పెట్టిన తల్లులని లెక్కిస్తే 67. రాష్ట్రం 1974లో, కేంద్రం 1978లో చట్టపరమైన రక్షణ కల్పిస్తే, ఇప్పుడు ఏటా వందల్లో వస్తున్నాయి. ఒక పిల్ల పెరిగి తల్లి కావడానికి పాతికేళ్ళు దాటుతుంది మరి. గుడ్లు పెట్టడానికి మీరు చూసే ఒడ్లు వదిలి వాయవ్యంగా 800 కిలోమీటర్లు ఈది ఫ్రెంచ్ ఫ్రిగేట్ షోల్స్ దాకా వెళ్తుంది. అక్కడున్న ఆ ఈస్ట్ ఐలండ్‌ని 2018 అక్టోబరులో వలాకా తుఫాను దాదాపు తుడిచిపెట్టేసింది. అన్ని కష్టాలు పడి వచ్చి పడుకున్న ప్రాణి అది.

మనం శ్రీకూర్మం వెళ్ళి కూర్మనాథుడికి దణ్ణం పెట్టుకుని వచ్చేవాళ్ళం. మనకి ఒకరు చెప్పాలా అనుకుంటాం గానీ, మన ఒడ్డున ఏటా ట్రాలర్ వలల్లో ఊపిరాడక చచ్చిన ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు కొట్టుకొస్తూనే ఉన్నాయి. సంక్రాంతికి ఇంటికి వస్తారు కదా, అవి మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే కాలం అదే. రాత్రిపూట స్నేహితులని పోగేసుకుని బీచి మీదికి బళ్ళు తోలకండి, హెడ్‌లైట్లు కొట్టకండి, వెలుగు చూస్తే తల్లి వెనుదిరుగుతుంది. ఈ మాట మీ తమ్ముళ్ళకీ చెప్పండి, నేను చెబితే వినరు.