కలలో కొట్టిన దెబ్బ

కలలో చేసిన అప్పును తెల్లవారి తీర్చినవాడు లేడు. కలలో దొరికిన లంకెబిందెలకు వాటా అడిగిన దాయాదీ లేడు. కలలో ఎవరినో చెడామడా తిట్టి, పొద్దున్నే వాళ్లింటికి వెళ్లి క్షమించమన్న మనిషిని నేనింతవరకూ చూడలేదు. కల జమాఖర్చులు కలలోనే చెల్లు అన్నది లోకం ఒప్పుకున్న లెక్క. బాగానే ఉంది. కాని కలలో కొట్టిన దెబ్బ పక్కనున్న మనిషికి నిజంగానే తగిలితే? దాన్ని ఏ పద్దులో రాయాలి?

ఇది పొద్దుపోక వేసిన ప్రశ్న కాదండి. కోనసీమలో మా బంధువుల ఇంట్లో ఈ ప్రశ్న ఒక కమిలిన చెంప రూపంలో ఎదురయింది.

వరసకి నాకు మావయ్య ఒకాయన ఉన్నారు. డెబ్బైకి దగ్గర పడ్డారు. ఉద్యోగం బడిపంతులు. ముప్పై ఏళ్ల సర్వీసులో పిల్లల మీద బెత్తం ఎత్తని మాస్టారని పేరు. అయితే ఆయన చేతికి కర్ర కొత్త కాదు. కుర్రతనంలో అమలాపురంలో తాలింఖానా నేర్చుకున్నారు. ఆ ఊరి దసరా చూసినవారికి చెడీ తాలింఖానా సంగతి నేను చెప్పక్కర్లేదు. వీధివీధి నుంచీ వాహనాలు ఊరేగింపుగా వస్తూంటే, వాటి ముందు కుర్రాళ్లు, పెద్దలు కర్రసాము చేస్తారు, పట్టాకత్తులు తిప్పుతారు, అగ్గిబరాటాలు గిరగిరా ఆడిస్తారు. ఆరితేరినవాడు కళ్లకు గంతలు కట్టుకుని, పడుకున్న మనిషి ఒంటిమీద పెట్టిన కాయను కత్తితో రెండు చెక్కలు చేస్తాడు. కాయ తెగాలి, కింద చర్మం గీరుకోకూడదు. అదీ విద్య.

మావయ్య ఉద్యోగంలో చేరాక కర్ర అటక ఎక్కింది. అరవై దాటాక మాత్రం ఆ విద్య నిద్రలో దిగివచ్చింది. తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో ఒక్క కేక పెట్టేవారు. రెండు చేతులూ కర్ర పట్టినట్టు బిగించి అటూ ఇటూ విసిరేవారు. కాలు ఎత్తి తన్నేవారు. పొద్దున్న కాఫీల దగ్గర అదొక వేడుక కబురు. “రాత్రి మీ మావయ్య ఇద్దర్ని పడగొట్టారురా అబ్బాయ్” అనేది అత్తయ్య. నేర్చిన విద్య ఎక్కడికి పోతుందని అందరూ నవ్వుకునేవారు.

ఒకరోజు వెళ్లేసరికి అత్తయ్య చెంప కమిలి ఉంది.

“ఏవైందత్తయ్యా?”

“ఏం లేదురా, వీధి గుమ్మం తగిలింది” అంది, నా మొహం కేసి చూడకుండా.

మావయ్య అరుగు మీద కూచుని ఉన్నారు. పిలిస్తే పలకలేదు. సాయంత్రం కాలవగట్టు మీద నడుస్తూ ఆయనే బయటపెట్టారు. “కొబ్బరితోటలోంచి ఇద్దరు దొంగలు వచ్చి మీ అత్తయ్య మీద పడ్డార్రా. అడ్డం వెళ్లి ఒకణ్ణి కొట్టాను. కళ్లు తెరిచేసరికి ఆవిడ చెంప పట్టుకుని కూచుంది. ఇన్నేళ్లలో నేనావిడ మీద చెయ్యెత్తి ఎరగను. ఈ దుర్మార్గం నాలో ఎక్కడ దాక్కుందో!”

ఇంటికొచ్చి ఈ మాట అత్తయ్యకు చెప్తే, ఆవిడ తీర్పు వేరేలా ఉంది. “నన్ను కాపాడ్డానికే కదా కొట్టారు. తప్పేముంది?”

ఒకే దెబ్బ. కొట్టినాయన దృష్టిలో అది పాపం, తిన్నావిడ దృష్టిలో అది ప్రేమ. మనం ఎవరి పక్షం చేరాలి?

ముందు ఆ దెబ్బ ఎక్కణ్ణించి వచ్చిందో చూద్దాం. నిద్ర అంతా ఒక్క తీరున ఉండదు. మూసిన రెప్పల కింద కనుగుడ్లు చకచకా కదిలే ఒక రకం నిద్ర ఉందని 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో అసరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు గుర్తించారు. మనకు స్పష్టమైన కలలు ఎక్కువగా వచ్చేది అందులోనే. రాత్రి గడిచేకొద్దీ దాని పాలు పెరుగుతుంది. అందుకే మావయ్య యుద్ధాలన్నీ తెల్లవారుజామునే. ఆ వేళ మెదడు ఎన్ని పరుగులు పెట్టినా ఒళ్లు కదలదు. మెదడు అడుగుభాగం నుంచి వెన్నుకు వెళ్లే సంకేతాలు కండరాలను కట్టిపడేస్తాయి. కళ్లు, ఊపిరి ఆడించే కండరాలు వంటివి కొన్ని మాత్రం పని చేస్తాయి. కాలవల మీద లాకులు చూసిన గోదావరి జిల్లాల వారికి ఇది తేలిగ్గా బోధపడుతుంది. పైన నీరు ఎంత పోటెత్తినా, లాకు తలుపులు మూసి ఉన్నంతసేపు కిందికి రాదు. తలుపులు పాడయ్యాయా, కలలోని నీరు కాళ్లలోకి, చేతుల్లోకి వచ్చేస్తుంది.

ఫ్రాన్సులో మిషెల్ జువే అనే శాస్త్రవేత్త పిల్లుల మెదడులో ఆ కట్టు వేసే చోటును దెబ్బతీసి చూశాడు. గాఢంగా నిద్రపోతూనే అవి లేచి, కంటికి కనపడని ఎలుకల మీదికి దూకాయి, లేని శత్రువులతో పోట్లాడాయి. మనుషుల్లో ఇది ఒక జబ్బని అమెరికాలోని మినియాపొలిస్ వైద్యులు షెంక్, మహోవాల్డ్ 1986లో ప్రకటించారు. వారు మొదట వివరించిన ఐదుగురిలో నలుగురు 67 నుంచి 72 ఏళ్ల మగవాళ్లు, ఒకరు అరవయ్యేళ్ల స్త్రీ. దానికి రెమ్ స్లీప్ బిహేవియర్ డిజార్డర్ అని పేరు పెట్టారు. నిద్రలో నడిచే పిల్లల సంగతి వేరు. అది కలలు పలచగా ఉండే మొదటి జాము గాఢనిద్రలో జరుగుతుంది, పొద్దున్న వాళ్లకు సాధారణంగా ఏమీ గుర్తుండదు. ఈ జబ్బు మనిషి తట్టి లేపితే లేస్తాడు, కల చెప్తాడు. ఆ కల చాలాసార్లు మావయ్య చెప్పినట్టే ఉంటుంది: ఎవరో మీద పడుతున్నారు, తనను గాని, తనవాళ్లను గాని కాపాడుకోవాలి. కర్రసాము తెలిసినవాడు కర్ర తిప్పుతాడు, తెలియనివాడు పిడికిలి విసురుతాడు. అంతే తేడా.

మరి మావయ్య భయపడ్డట్టు ఇది లోపల దాక్కున్న దుర్మార్గమా? మంచివాడనిపించుకున్న మనిషిలో కూడా నిద్రవేళ ఒక క్రూరమృగం లేస్తుందని ప్లేటో ‘రిపబ్లిక్’ తొమ్మిదో భాగంలో రాశాడు. చాలామంది ఈ మాటనే పట్టుకుని, మనిషి అసలు రంగు కలలో బయటపడుతుందంటారు. కాని 2005లో వెలువడిన ఒక పరిశోధన ఈ రోగులు 49 మందిని ఆరోగ్యవంతులతో పోల్చి చూసింది. వీరి కలల్లో కొట్లాటలు ఎక్కువే. పగటి స్వభావంలో మాత్రం దౌర్జన్యం ఇతరులకన్నా ఎక్కువ లేదు. అంటే, బెత్తం ఎత్తని మాస్టారే నిజం మాస్టారు. ఆ సంగతి ఆయనకు చెప్తే సగం ప్రాణం లేచివచ్చింది.

సెయింట్ అగస్టీన్ కూడా పదహారు వందల ఏళ్ల కిందట ఇదే మథనపడ్డాడు. నిద్రపోతున్నంతసేపు తాను తాను కాకుండా పోతాడా అన్న సందేహం దేవుడి ముందే పెట్టాడు. చివరికి, కలలోది తాను చేసిన పని కాదు, తనలో జరిగిన పని అని సమాధానపడ్డాడు. మన మాండూక్యోపనిషత్తు జాగ్రత్తు, స్వప్నం, సుషుప్తి అని వేరువేరుగా విభజించి, స్వప్నంలో ఉన్నవాడు లోపలి ప్రపంచాన్నే అనుభవిస్తాడంది. న్యాయస్థానాలూ ఆ దారినే నడిచాయి. 2008లో వేల్స్‌లో ఒకాయన, దొంగతో పెనుగులాడుతున్నట్టు కలగంటూ పక్కనున్న భార్య గొంతు నులిమాడు. ఆవిడ చనిపోయింది. అది వేరొక నిద్రరోగమన్నారు గాని, కల మాత్రం ఇదే. 2009లో ప్రాసిక్యూషన్ వారే కేసు వదులుకున్నారు, ఆయన నిర్దోషిగా బయటికొచ్చాడు. తలచి చేయనిది నేరం కాదన్నారు. సరే, ఒప్పుకుందాం.

ఇంతటితో మా అత్తయ్య గెలిచినట్టేనా? ఇక్కడే నాకు హరిశ్చంద్రుడు అడ్డు తగులుతున్నాడు. ఉత్తరాదిన ప్రచారంలో ఉన్న కథలో ఆయన రాజ్యాన్ని దానమిచ్చింది కలలో. మర్నాడు విశ్వామిత్రుడు వచ్చి అడిగితే, అది కల స్వామీ అని తప్పించుకోవచ్చు. తప్పించుకోలేదు. కలను ఆపే శక్తి ఆయనకు లేదు. కాని మేలుకున్నాక ఏం చేయాలన్నది ఆయన చేతిలో ఉంది. ఆయన గొప్పతనమంతా ఆ రెండో దాంట్లోనే ఉంది.

అమలాపురం వీధిలో గంతలు కట్టుకున్న మనిషిని ఒక్కసారి తలచుకోండి. కత్తి తప్పి కింద మనిషికి తగిలితే, కళ్లకు గంతలున్నాయి, కనపళ్లేదు అంటే ఎవరైనా ఊరుకుంటారా? గంతలు కట్టుకున్నది ఎవరు? తనే. కట్టుకోకముందు చూపుంది, తెలివి ఉంది. అందుకే అతని బాధ్యత కత్తి ఎత్తినప్పుడు కాదు, గంత ముడి వేసినప్పుడే మొదలవుతుంది. నిద్రలో కొట్టే మనిషి లెక్కా ఇదే. మొదటి రాత్రి ఆయనకు ఏమీ తెలియదు, ఏ తప్పూ లేదు. రెండో రాత్రి నుంచి తెలుసు. తెలిసీ, ఏ జాగ్రత్తా లేకుండా అదే మంచం మీద ఆవిడ పక్కన పడుకుంటే, గంతలు తనే కట్టుకున్నట్టు. దెబ్బ మూడు గంటలకు తగలొచ్చు, దానికి జవాబు చెప్పాల్సిన వేళ మాత్రం రాత్రి తొమ్మిదిన్నర, దీపం ఆర్పేముందు. తాగి కొట్టి, మత్తులో తెలియలేదనే మనిషికీ ఇదే జవాబు. అతని గంతల గుడ్డ సీసాలో ఉంది.

అత్తయ్య మాటలో నాకు నచ్చనిది కూడా ఉంది. అది ఆవిడ ప్రేమ కాదు, “గుమ్మం తగిలింది” అన్న అబద్ధం. పరువు కోసం, ఆయన మీద జాలితో చెప్పింది, నిజమే. కాని మన ఊళ్లలో ఆ గుమ్మం ఎంతమంది ఆడవాళ్లకు తగులుతోందో మీకూ తెలుసు. పట్టపగలు ఒళ్లు తెలిసి కొట్టే మొగుళ్లంతా దాక్కునేది ఆ గుమ్మం వెనకాలే. పాపం, నిద్రలో చెయ్యి విసిరిన అమాయకుణ్ణి కూడా తీసుకెళ్లి ఆవిడ వాళ్ల మధ్యే కూచోబెట్టింది. నిజం చెప్తే ఆయనకు మందు దొరుకుతుంది. అబద్ధం చెప్తే అనుమానం మిగులుతుంది.

అత్తయ్య చివరికి నిజమే చెప్పింది, ముందు కొడుక్కి, తరవాత కాకినాడలో డాక్టరుకి. ఆయన నవ్వలేదు. మీరు వాడుతున్న మందులేమిటని అడిగారు, ఎందుకంటే మనసు దిగులుకిచ్చే కొన్ని మందులు కూడా ఈ జబ్బును రేపుతాయి. రాత్రంతా నిద్రను యంత్రాల మీద కొలిచే పరీక్ష ఒకటి ఉంది, అది చేస్తేగాని ఖాయంగా చెప్పలేమన్నారు. పరీక్షయ్యాక మందు రాసిచ్చారు. మంచాలు విడివిడిగా వేసుకోమన్నారు, చుట్టూ పదునైనవి, గాజువి ఉంచొద్దన్నారు. ఇంకో మాట నెమ్మదిగా చెప్పారు. ఈ జబ్బు కొందరిలో పార్కిన్సన్ వంటి వ్యాధులకు ఏళ్ల ముందు వచ్చే గుర్తు. 24 కేంద్రాలు కలిసి 1,280 మందిని పరిశీలించి 2019లో ప్రకటించిన లెక్క ప్రకారం, ఏటా నూటికి సుమారు ఆరుగురిలో అటువంటి వ్యాధి బయటపడుతోంది. అందరికీ ఒకేసారి రాదు, ఎవరికి ఎప్పుడన్నది చెప్పలేరు. అప్పుడప్పుడు చూపించుకోవడమే చేయగలిగింది. కాఫీల దగ్గర అన్నాళ్లు నవ్వుకున్న వేడుక కబురు వెనక ఇంత కథ ఉంది.

ఇప్పుడు వాళ్లిద్దరి మంచాల మధ్య బారెడు ఎడం ఉంది. నలభై ఏళ్లు పక్కపక్కన పడుకున్నవాళ్లకు అది చిన్న సంగతి కాదు. మొదట్లో అత్తయ్య నొచ్చుకుంది. చూసినవాళ్లు ఏమనుకుంటారంది. మావయ్య మంచం తనే జరుపుకున్నారు. కర్రసాములో మొదటి పాఠం దెబ్బ వేయడం కాదే, ఎదుటివాడికి ఎంత దూరంలో నిలబడాలో నేర్చుకోవడం అన్నారట.

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. మనం చేసే చెడంతా మనం తలపెట్టిందే కాదు. ఒంట్లో రోగం, వంశంలో కోపం, వయసులో మరుపు, ఇవన్నీ మన చేత ఎన్నో చేయిస్తాయి. వాటన్నిటికీ మనిషిని బోనెక్కిస్తే లోకంలో ఎవరూ మిగలరు. అలాగని, నా చేతిలో లేదు అనేసి పక్కకు తిరిగి పడుకునే హక్కూ ఎవరికీ లేదు. మన చేతిలో లేనిది ఏదో తెలిసిన క్షణాన, మన చేతిలో ఉన్నది ఏదో కూడా తెలిసిపోతుంది. ఒక్కోసారి అది మంచాన్ని బారెడు పక్కకు జరపడమంత చిన్నదే కావచ్చు. కలలో కొట్టిన దెబ్బను కల పద్దులోనే రాయండి, నాకు అభ్యంతరం లేదు. జరపని మంచాన్ని మాత్రం మెలకువ పద్దులో రాయక తప్పదు.