ఖాండవానికి బదులు మయసభ: ప్రత్యామ్నాయ వనీకరణపై ఒక నైతిక పరిశీలన

ప్రస్తావన

ప్రపంచ అటవీ వనరులపై ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2020లో వెలువరించిన నివేదికలో రెండు అంకెలు కనిపిస్తాయి. 2015-2020 సంవత్సరాల మధ్య ఏటా సుమారు కోటి హెక్టార్ల అడవి నేలమట్టమైందన్నది మొదటిది. 2010-2020 దశాబ్దంలో అడవుల నికర నష్టం ఏటా 47 లక్షల హెక్టార్లన్నది రెండవది. రెండింటి కాలావధి ఒకటి కాకపోయినా, వాటి మధ్య ఇంత అంతరానికి ప్రధాన కారణం లెక్కకట్టే పద్ధతి. నరికిన విస్తీర్ణం నుంచి కొత్తగా నాటిన విస్తీర్ణాన్ని, సహజంగా తిరిగి పెరిగిన విస్తీర్ణాన్ని తీసివేయగా మిగిలేదే నికర నష్టం. ఒకచోట పోయిన హెక్టారును మరొకచోట మొలిచిన హెక్టారుతో కొట్టివేయవచ్చునన్న భావన ఆ తీసివేతలో ఇమిడి ఉంది.

గణాంకశాస్త్రానికి ఇది అవసరమైన సౌలభ్యమే కావచ్చు. అయితే అదే తీసివేత చట్టంగా, పాలనా విధానంగా మారినప్పుడు ఒక నైతిక ప్రశ్న తలెత్తుతుంది. ఒక అడవికి మరొక అడవి బదులు కాగలదా? కాగలిగితే ఆ బదులు ఎవరికి చెల్లుతుంది? భారతదేశంలో అమలులో ఉన్న ప్రత్యామ్నాయ వనీకరణను ముఖ్య ఉదాహరణగా తీసుకొని, తెలుగు పాఠకులకు పరిచితమైన రెండు సాహిత్య రచనల వెలుగులో ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

అడవి - నిర్వచనం

ఆహార, వ్యవసాయ సంస్థ నిర్వచనం ప్రకారం అర హెక్టారుకు మించిన విస్తీర్ణం, అయిదు మీటర్లకు మించి ఎదిగే చెట్లు, పది శాతానికి మించిన ఛత్రం ఉన్న నేల అడవి అవుతుంది. ఈ నిర్వచనంలో రబ్బరు తోట అడవిగా చేరుతుంది, ఆయిల్‌పామ్ తోట చేరదు. భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఒక హెక్టారు లేదా అంతకు మించిన విస్తీర్ణంలో పది శాతం ఛత్రం ఉంటే, యాజమాన్యంతోనూ వృక్షజాతితోనూ నిమిత్తం లేకుండా, దానిని అటవీ ఆచ్ఛాదనగా లెక్కిస్తుంది. ఉపగ్రహ చిత్రం ఆధారంగా దేశమంతటినీ కొలవడానికి ఇంతటి సరళత అవసరమే.

తెలుగు వాడుక మాత్రం అడవికీ తోటకూ తేడాను స్పష్టంగా పాటిస్తుంది. తోట వేస్తారు, తోటకు నీరు పెడతారు, తోటను కౌలుకిస్తారు. అడవిని వేయడమన్న మాట వాడుకలో లేదు. తోటకు యజమాని ఉంటాడు, ప్రయోజనం ఉంటుంది. అడవి ఎవరి ప్రయోజనం కోసమూ మొదలైనది కాదు. అంతమాత్రాన తెలుగు పలుకుబడి అడవి పక్షాన నిలిచిందని భావించనక్కరలేదు. వ్యర్థమైన దానిని ‘అడవి గాచిన వెన్నెల’ అనడంలో, మనిషి కంట పడని వెన్నెలకు విలువ లేదన్న తలంపు ఉంది. అడవిని వేరుగా గుర్తించిన భాషే దాని విలువను మనిషి అక్కరతో కొలిచింది. నేటి చట్టంలోనూ ఈ రెండు దృష్టులు కలిసే ఉన్నాయి.

చట్టం చేసిన ఏర్పాటు

1980 నాటి అటవీ సంరక్షణ చట్టం ప్రకారం అటవీ భూమిని ఇతర ప్రయోజనాలకు మళ్ళించాలంటే కేంద్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి ఉండాలి. అనుమతి పొందిన సంస్థ సాధారణంగా అంతే విస్తీర్ణం గల అటవీయేతర భూమిలో, కొన్ని సందర్భాలలో రెట్టింపు విస్తీర్ణం గల క్షీణించిన అటవీ భూమిలో మొక్కల పెంపకానికి వ్యయం భరించాలి. దీనికి తోడు కోల్పోయిన అడవికి ‘నికర వర్తమాన విలువ’ చెల్లించాలి. 2008లో సుప్రీంకోర్టు ఆమోదించిన రేట్ల ప్రకారం అడవి తరగతిని బట్టి ఇది హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల రూపాయల వరకు ఉండేది. ఈ నిధుల నిర్వహణకు 2016లో ప్రత్యేక చట్టం వచ్చింది. 2019 ఆగస్టులో కేంద్రం రాష్ట్రాలకు బదిలీ చేసిన నిధి 47 వేల కోట్ల రూపాయలకు పైబడింది.

ఈ ఏర్పాటులోని చిక్కు గ్రేట్ నికోబార్ ఉదంతంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఓడరేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, పట్టణ నిర్మాణాల కోసం ఆ దీవిలో 130 చదరపు కిలోమీటర్లకు పైగా అటవీ భూమిని మళ్ళించడానికి 2022లో సూత్రప్రాయ అనుమతి లభించింది. దీవుల విస్తీర్ణంలో అధికభాగం ఇప్పటికే అడవి కావటంతో ప్రత్యామ్నాయ వనీకరణకు హర్యానాను ప్రతిపాదించారు. గలతియా తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే లెదర్‌బ్యాక్ తాబేలుకు, ఆ వర్షారణ్యంలో జీవించే షోంపెన్ జాతికి, రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో మెట్ట నేలపై నాటే మొక్క ఏ విధంగానూ అందదు. హర్యానాకు చెట్లు అవసరం కావనడం దీని అర్థం కాదు. అక్కడ జరిగే మేలు ఇక్కడి నష్టానికి జవాబు కాదన్నదే ఇక్కడి అంశం.

బదులును సమర్థించే వాదన

ఈ విధానాన్ని సమర్థించే వాదన తేలికగా తోసివేయదగినది కాదు. రోడ్లు, జలాశయాలు, విద్యుత్ లైన్లు లేకుండా కోట్ల మంది జీవనం సాగదు. పరిహారం అడగని చట్టం కంటే అడిగే చట్టం మేలు. ధర కట్టని వస్తువును ప్రభుత్వాలూ సంస్థలూ ఉచితంగా భావిస్తాయి, కనుక ధర కట్టడమే ఒక రక్షణ. ఫలితాలను బట్టి నీతిని నిర్ణయించే దృక్పథం ప్రకారం మొత్తం మేలు తగ్గకుండా ఉంటే చాలు.

దీనికి ప్రతిగా తాత్త్వికుడు రాబర్ట్ ఇలియట్ 1982లో ఒక వాదన చేశాడు. ప్రసిద్ధ చిత్రపటానికి ఎంత నిర్దుష్టమైన నకలు గీసినా అది మూలంతో సమానం కాదు, దాని పుట్టుక వేరు. పునర్నిర్మించిన ప్రకృతి కూడా అటువంటిదేనని ఆయన అభిప్రాయం. ఈ వాదనకు బలంతో పాటు పరిమితి కూడా ఉంది. తూర్పు కనుమలలో పోడు సాగిన కొండవాలులు, గ్రామదేవతల పేర నిలిచిన వనాలు మనిషి చేయి తగలని మూలాలు కావు. మనిషి స్పర్శ లేకపోవడమే అడవి విలువకు ఆధారమైతే, తరతరాలుగా అడవిలో ఉన్నవారే దానికి మచ్చ అవుతారు. కాబట్టి అడవి విలువను దాని పుట్టుకలో కంటే, దానితో ముడిపడిన ప్రాణుల, మనుషుల సంబంధాలలో వెతకడం సమంజసం. చెట్లను మరొకచోట నాటవచ్చు. ఆ సంబంధాలను నాటలేం.

మయసభ ఎవరికి దక్కింది?

నన్నయ ఆదిపర్వం ఖాండవ దహన వృత్తాంతంతో ముగుస్తుంది. అగ్ని ఆకలి తీర్చడానికి కృష్ణార్జునులు అడవిని చుట్టుముట్టి, ఇంద్రుడు కురిపించిన వానను బాణాలతో అడ్డుకొని, తప్పించుకోబోయిన ప్రాణులను సంహరించారు. బ్రతికి బయటపడినవి ఆరు ప్రాణాలే. తక్షకుని కుమారుడు అశ్వసేనుడు, మయుడు, నాలుగు శార్ఙ్గక పక్షులు. ప్రాణదానానికి కృతజ్ఞతగా మయుడు సభాభవనాన్ని నిర్మించి ఇచ్చాడు.

ఈ కథను బదులు అన్న కోణంలో చదివితే ఒక విషయం బోధపడుతుంది. దహనం తర్వాత ఒక అద్భుత నిర్మాణం వచ్చింది, నిజమే. అది దక్కింది కాల్చినవారికి. కాలిపోయినవారికి అందులో ఏమీ లేదు. లెక్కలో జమ కనిపిస్తున్నా అది వేరొకరి ఖాతాలో పడింది. తీరని బాకీ అశ్వసేనుని రూపంలో మిగిలింది. దహనంలో తల్లిని పోగొట్టుకున్న ఆ నాగకుమారుడు కురుక్షేత్ర యుద్ధంలో కర్ణుని బాణంలో చేరి అర్జునునిపైకి వచ్చాడు. మయసభ ఎంత గొప్పదైనా అశ్వసేనుని దుఃఖానికి అది పరిహారం కాలేదు.

సూరంపూడి సీతారామ్ అనువాదంతో ‘వనవాసి’గా తెలుగువారికి చేరువైన విభూతిభూషణ్ బందోపాధ్యాయ ‘ఆరణ్యక్’ నవలలో ఇదే ప్రశ్న మరో రూపంలో వస్తుంది. కథకుడు సత్యచరణ్ జమీందారీ ఉద్యోగి. బీహారులోని అటవీ భూములను రైతులకు పంచిపెట్టడం అతని విధి. అడవిని ప్రేమించిన అతని చేతి మీదుగానే అడవి అంతరిస్తుంది. భూమి లేనివారికి భూమి దొరికిందన్న మేలు అతని అపరాధభావాన్ని తొలగించదు. అదే నవలలో యుగళప్రసాద్ అనే మనిషి ఎక్కడెక్కడి నుంచో పూలమొక్కలు తెచ్చి అడవిలో నాటుతుంటాడు. అతడు నాటేది ఏ నష్టానికీ బదులుగా కాదు. మొక్క నాటడంలో దోషం లేదని, నాటినదాన్ని నరికినదానికి చెల్లుచీటీగా చూపడంలోనే దోషం ఉందని ఈ రెండు పాత్రలను పక్కపక్కన ఉంచి చూస్తే తెలుస్తుంది.

వెల, రుణం

వెల చెల్లించినవాడికి వస్తువుపై హక్కు వస్తుంది, అమ్మినవాడితో అతని సంబంధం అక్కడితో తీరిపోతుంది. రుణం అటువంటిది కాదు. తీర్చగల స్తోమత ఉండటం రుణం చేసే హక్కును ఇవ్వదు, ఇచ్చినవారి అంగీకారం ముందుగా ఉండాలి. దేవ, ఋషి, పితృ రుణాలన్న సంప్రదాయ భావనలో ఉన్నది కూడా ముగిసిపోని బాధ్యతే. ప్రత్యామ్నాయ వనీకరణను రుణంగా భావిస్తే అది గౌరవనీయమైన కర్తవ్యం. వెలగా భావిస్తే అది అనుమతి పత్రం అవుతుంది. పర్యావరణ హానికి ధర చెల్లించే విధానాలను రాబర్ట్ గుడిన్ 1994లో మధ్యయుగ ఐరోపా చర్చి అమ్మిన పాపపరిహార పత్రాలతో పోల్చడంలోని ఆంతర్యం ఇదే. అమ్మేవారికి అమ్మే అధికారం ఉందా అన్నది అక్కడి మూల ప్రశ్న.

ఆ అధికారం ఎవరిదో అడిగి తెలుసుకున్న సందర్భాలు లేకపోలేదు. ఒడిశాలోని నియమగిరిలో బాక్సైట్ తవ్వకంపై గ్రామసభలే నిర్ణయించాలని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం అందుకు ఆధారం. సభలు జరిగిన 12 గ్రామాలూ తవ్వకాన్ని తిరస్కరించాయి. డోంగ్రియా కోంధులకు ఆ కొండ నియమరాజు నివాసం. వారి తిరస్కారం ధర చాలలేదని కాదు, అది ధరకు లొంగే విషయం కాదని.

ఈక్వెడార్‌లోని యాసునీ చరిత్ర మరో పాఠం. అక్కడి అడవి కింది చమురును తవ్వకుండా వదిలేయడానికి, 13 సంవత్సరాలలో 360 కోట్ల డాలర్లు సమకూర్చవలసిందిగా 2007లో ఆ దేశం ప్రపంచాన్ని కోరింది. వచ్చిన సొమ్ము అందులో స్వల్పాంశమే కావటంతో 2013లో ఆ ప్రతిపాదనను విరమించారు. ధర అడవిని కాపాడలేకపోయింది. 2023 ఆగస్టులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో సుమారు 59 శాతం మంది చమురును భూమిలోనే వదిలేయాలని ఓటు వేశారు. ఆదాయాన్ని వదులుకోవడంలోని కష్టాన్ని భరించవలసిన దేశప్రజలే ఆ నిర్ణయం తీసుకున్నారు.

అంగీకారం అన్ని చిక్కులనూ తీర్చదు. తాబేలును అడగలేం. పుట్టబోయే తరాన్ని అడగలేం. బయటి ప్రపంచంతో సంపర్కమే ప్రమాదమైన షోంపెన్‌లను సభ పెట్టి అడగడం కూడా తగదు. అడగలేనివారి మౌనాన్ని అంగీకారంగా లెక్కించకపోవడమే అటువంటి చోట మిగిలే నైతిక మార్గం.

ముగింపు

పై పరిశీలన ప్రత్యామ్నాయ వనీకరణను రద్దు చేయాలని సూచించదు. ప్రశ్నల వరుస మారాలని సూచిస్తుంది. ఈ నష్టం నిజంగా అనివార్యమా అన్నది మొదటి ప్రశ్న. నష్టపోయేవారు అంగీకరించారా, అడగలేనివారి పక్షాన ఎవరు మాట్లాడారు అన్నది రెండవది. వీటికి సమాధానం దొరికిన తర్వాతనే పరిహారం ప్రస్తావన రావాలి. ప్రస్తుత విధానంలో పరిహారం సిద్ధంగా ఉండటమే తొలి రెండు ప్రశ్నలను తేలిక చేస్తున్నది. నివేదికలలో నరికిన అడవిని, నాటిన వనాన్ని ఒకదానిలో నుంచి మరొకటి తీసివేయకుండా వేర్వేరు పద్దులుగా చూపితే, కనీసం ఏది పోయిందో కనిపిస్తూ ఉంటుంది. మయసభ వైభవాన్ని వర్ణించిన భారతమే అశ్వసేనుణ్ణి కూడా మరచిపోలేదు. అడవుల లెక్కలు రాసేవారికి ఆ పద్ధతి అనుసరణీయం.