ఒక్క ప్రతి

అచ్చు పుట్టిందే ఒక రూపాన్ని వందలసార్లు తీయడానికి. మోనోప్రింట్ మాత్రం అదే పనితో ఒక్క ప్రతి తీసి ఆగిపోతుంది. సెలవు రోజున భోజనాల బల్ల మీద పాత పేపర్లు పరిచి, కేవలం సరదాకి ఈ పనికి కూర్చున్నప్పుడల్లా నన్ను పట్టి లాగేది ఈ వింతే.

జెలటిన్‌ను వేడినీళ్ళలో కరిగించి వెడల్పాటి పళ్ళెంలో పోస్తే, గడ్డకట్టి మెత్తటి పలక అవుతుంది. దానిమీద రోలరుతో అక్రిలిక్ రంగు పల్చగా పూసి, రావి ఆకు పరిచి, పైన కాగితం వేసి అరచేత్తో రుద్దాలి. మొదటి కాగితం మీద ఆకు ఉన్నచోట ఖాళీ మిగులుతుంది, అంతే. నేను ఎదురుచూసేది రెండోదాని కోసం. ఆకు తీసేసి, పలకకు అంటుకుని ఉన్న కాస్త రంగు మీద ఇంకో కాగితం అద్దితే ఈనెలన్నీ దిగుతాయి. దీన్ని ఘోస్ట్ ప్రింట్ అంటారు. 1870లలో మోనోటైపులు (ఇవీ ఒక్క ప్రతి ముద్రలే) తీసిన చిత్రకారుడు ఎడ్గార్ దెగా, వెలవెలబోయిన ఈ రెండో ముద్రల మీదే పాస్టెల్ రంగులు దిద్ది ఎన్నో బొమ్మలు పూర్తిచేశారు. మిగులు మీద అంత నమ్మకం ఉండడం నాకు గొప్పగా అనిపిస్తుంది.

రుద్దుతున్నంతసేపూ కాగితం కింద ఏమవుతోందో కనబడదు. చెయ్యి ఎక్కడ ఎంత నొక్కాలో చేతికే తెలియాలి. శాంతినికేతన్‌లో గోడల నిండా చిత్రాలు వేసిన బినోద్ బిహారీ ముఖర్జీ, 1950లలో చూపు పూర్తిగా పోయాక రంగు కాగితాలతో కొలాజ్‌లు చేశారు. కంటికి అందనిది వేళ్ళకు అందుతుందనడానికి నాకు అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

నా కొలాజ్‌లలోకి ఈ ముద్రల ముక్కలతోపాటు పాత క్యాలెండర్లు, శుభలేఖలు, బస్సు టికెట్లు చేరతాయి. కత్తెర కన్నా చేత్తో చింపడమే నాకిష్టం. చింపిన అంచున కాగితం పీచు బయటపడుతుంది. ఇవన్నీ కట్టలు కట్టలుగా అచ్చయి ఊరంతా తిరిగినవే. ఉడికించిన మైదా జిగురుతో పక్కపక్కన అతికాక మాత్రం వాటికి జోడీ మరెక్కడా ఉండదు. మోనోప్రింటూ కొలాజూ నా బల్ల మీద కలిసేది అక్కడే.

కాబట్టి అచ్చు కాగితం ఎంత పాతదైనా చింపడానికి నాకు చెయ్యి వస్తుంది. చేతిరాత ఉన్న ఇన్లాండ్ లెటర్‌ను మాత్రం ముట్టుకోను. అది మొదటి నుంచీ ఒక్కటే.