దేవుని అడుగుట ఎప్పుడు?

(యిర్మీయా 42, 43 అధ్యాయములు చదువుడి)



మన పల్నాటి సంఘములలో ప్రార్థనకు కొరత లేదు. చేనిలో బోరు వేయునప్పుడు ప్రార్థన, మిరప నారు నాటునప్పుడు ప్రార్థన, పిల్లకు ప్రధానము జరుగునప్పుడు ప్రార్థన. ఇది మంచిదే. అయితే పాస్టరుగారికి కబురు ఎప్పుడు వచ్చుచున్నది? బోరు బండి చేనిలో దిగిన తరువాత. కట్నము మాట తెగి, దానికొరకు అప్పుపత్రము వ్రాసిన తరువాత. అప్పుడు మనము దేవుని అడుగుట లేదు. మనము వ్రాసికొన్న కాగితముమీద ఆయనచేత వ్రేలిముద్ర వేయించుకొన జూచుచున్నాము.

యెరూషలేము కూలిన పిమ్మట, అధికారిగా నియమింపబడిన గెదల్యా చంపబడెను. మిగిలిన జనులు బబులోనువారికి భయపడి, యోహానాను వెంట బయలుదేరి బేత్లెహేము దగ్గర దిగిరి. ఐగుప్తునకు పోవలెనని వారి తలంపు. మూటలు కట్టి దారిపట్టిన తరువాత యిర్మీయాయొద్దకు వచ్చి, తమకొరకు దేవుని అడుగుమనిరి. ఆయన చెప్పునది తమకు ఇష్టమైనను కాకపోయినను విందుమని మాట యిచ్చిరి.

పది దినములకు గాని జవాబు రాలేదు. ప్రవక్తయే పది దినములు కనిపెట్టగా, పడుకొనబోవు ముందు రెండు నిమిషములలో మనకు అంతయు తేలవలెనని ఎట్లు కోరుదుము? వచ్చిన జవాబు, ఆ దేశములోనే నిలిచియుండవలెననియు, దేవుడు వారిని స్థిరపరచుననియు. వెంటనే వారు ప్రవక్తను అబద్ధికుడనిరి. దేవుని మాట వారికి వినబడకపోలేదు. వినబడినది వారు కోరినది కాదు, అంతే.

1842లో గుంటూరునకు వచ్చిన ఫాదర్ హయ్యర్ గారు 1849లో మన గురజాలకు వచ్చి కాపురముండిరి. తరువాత అమెరికాకు తిరిగిపోయిరి. 1869లో రాజమండ్రి మిషను పని చేజారునట్లున్నప్పుడు, డెబ్బదియైదేండ్లు దాటిన ఆ వృద్ధుడే తాను పోయెదనని లేచెను. విశ్రాంతి దినములని ముందే నిశ్చయించుకొని కూర్చున్నవానికి అట్టి పిలుపు వినబడునా?

కాబట్టి కౌలు మాటాడుటకు ముందు, సంబంధము చూడబోవుటకు ముందు వినుడి. చదువు రాదను సాకు ఇక్కడ చెల్లదు. మిరపకోతకు పోవు తల్లి అన్నము మూట కట్టుకొనుచు బడికిపోవు బిడ్డచేత ఒక అధ్యాయము చదివించుకొనవచ్చును. కట్నము విషయములో వాక్యము మనస్సును పొడిచినయెడల, లోకమంతయు ఇట్లే యున్నదిగదా అని దానిని త్రోసివేయకుడి.

మా మాట ఇదివరకే తెగిపోయినది, ఇక అడిగి ఏమి లాభమని కొందరు మమ్మును అడుగుదురు. ఆ జనులు ఐగుప్తునకు పోయిరి; పోవుచు యిర్మీయానుకూడ వెంటబెట్టుకొనిపోయిరి. వారు తహపనేసు చేరగా అక్కడను యెహోవా వాక్కు ప్రవక్తకు వచ్చెను. అది గద్దింపు మాటయే. అయినను ఆయన వారితో మాటలాడుట మానలేదు.